అడుగకయే పునరుద్ధరింపబడిన కారు బీమా

హైదరాబాదు నుండి కర్నూలు మీదుగా బెంగుళూరునకు సాగిపోవు 44వ జాతీయ రహదారి నానుకొని పెరిగిన కొత్తకోట వంటి పట్టణములలో కారు కలిగియుండుట ఒకనాడు సంపన్నుల లక్షణముగా నుండినది. నేడు చిన్న ఉద్యోగి, చిల్లర వర్తకుడు, హైదరాబాదులో అద్దెకు త్రిప్పుటకై అప్పుచేసి బండి కొన్న యువకుడు, వీరెల్లరును కారు యజమానులే. కారుతోడనే వచ్చిచేరిన బాధ్యతలలో ఏడాదికొకమారు కట్టవలసిన బీమా యొకటి. దానిని గూర్చిన సంభాషణ చాలకాలము "ఇన్సూరెన్సు కట్టినవా, లేదా?" అను నొక్క ప్రశ్నతో ముగియుచుండెడిది. ఇప్పుడు వేరొక ప్రశ్న పుట్టుచున్నది: "నేను కట్టలేదు, కట్టుమని ఎవరికిని చెప్పలేదు, అయినను ఖాతాలోనుండి డబ్బు పోయినది, ఫోనులోనికి పాలసీ వచ్చినది, దీనిని రద్దు చేయించుట యెట్లు?"

ఈ ప్రశ్న చూడ్కికి చిన్నది. మహా అయిన పది పండ్రెండువేల రూపాయల వ్యవహారము. కాని విప్పిచూచినచో రెండు వేర్వేరు ధర్మములు ఒక్క ముడిగా పెనగొనియుండుట కాననగును. బీమా లేక కారు ఒక్క దినమైనను దారిపై తిరుగరాదనుట శాసనము విధించిన కర్తవ్యము. ఆ బీమాను ఏ కంపెనీయొద్ద, ఏ ధరకు, ఏ షరతులతో కొనవలెననుట యజమానికి మిగిలిన స్వాతంత్ర్యము. కర్తవ్యము ఎడతెగనిది గనుక స్వాతంత్ర్యమును ఒక్కమారు వినియోగించిన చాలునని, పిమ్మట ఏటేటను దానిని యజమాని తరఫున తామే వినియోగింపవచ్చునని కంపెనీలు తలంచుటయే ఈ ఏర్పాటునకు మూలము. ఈ తలంపు న్యాయసమ్మతము కాదని నా అభిప్రాయము. డబ్బు తీసికొనుటకిచ్చిన అనుమతి వేరు, ఒడంబడికకిచ్చిన సమ్మతి వేరు.

మనదేశమున మోటారు బీమా తనంతట తాను పునరుద్ధరింపబడుట బ్రిటనులోవలె ఆనవాయితీ కాదు. ఇక్కడ గడువు ముగియునప్పుడు కంపెనీనుండి నోటీసు వచ్చుటయు, ఏజెంటు ఇంటికి వచ్చుటయో ఫోను చేయుటయో జరుగుటయు, యజమాని మరల డబ్బు కట్టుటయు వాడుక. కాని బ్యాంకు ఖాతాపై స్థాయియాదేశములు, కార్డులపై ఇ-మాండేటులు, 2020 జూలైలో ప్రవేశించిన యూపీఐ ఆటోపే, ఇవి యన్నియు చెల్లింపును సులభము చేసిన కొలదియు, కారు కొన్ననాడు అప్పు కాగితములు, రిజిస్ట్రేషను కాగితములు, ఉపకరణముల బిల్లులు మొదలగువాని నడుమ పెట్టిన పదునైదు ఇరువది సంతకములలోనో, ఫోనులో పాలసీ కొన్ననాడు ముందే టిక్కు పెట్టియుంచిన గడిలోనో, వచ్చు సంవత్సరములన్నిటికిని చెల్లుబడియగు అనుమతి యొకటి దాగియుండుటయు సులభమైనది. అనుమతి యిచ్చినవానికి అది గుర్తుండదు, పుచ్చుకొన్నవానికి మరపురాదు.

రిజర్వు బ్యాంకు ఈ విషయమున నిద్రించినదనుట అన్యాయము. కార్డు, యూపీఐల ద్వారా మాటిమాటికి జరుగు చెల్లింపులను గూర్చి ఆ బ్యాంకు చేసిన నియమములు 2021 అక్టోబరు 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినవి. మాండేటును, అనగా ఆ ముందస్తు అనుమతిని, మొదట నమోదు చేయునప్పుడు ఓ.టి.పి. వంటి అదనపు ధ్రువీకరణ ముండవలెను. ప్రతి చెల్లింపునకును కనీసము 24 గంటల ముందుగా ఎవరికి, ఎంత, ఎప్పుడు పోనున్నదో తెలుపవలెను. ఆ ఒక్క చెల్లింపునుగాని, మాండేటునే గాని వలదని చెప్పుకొను మార్గమును చూపవలెను. ఇంతవరకు బాగుగనే యున్నది. అయితే ఓ.టి.పి. లేకయే పోగల మొత్తమునకు సాధారణముగా 15,000 రూపాయల హద్దుండగా, 2023 డిసెంబరులో బీమా ప్రీమియములకు మాత్రము, మ్యూచువల్ ఫండులతోను క్రెడిట్ కార్డు బిల్లులతోను కలిపి, ఆ హద్దును లక్ష రూపాయలకు పెంచిరి. కుటుంబములు తిరుగు కార్లలో ఏ కొన్నిటికో తప్ప ప్రీమియము లక్ష దాటదు గదా! కావున మొదటి ఏడాది తరువాత కారు యజమానికిని అతని డబ్బునకును నడుమ నిలిచిన కావలి, ఆంగ్లమున వచ్చు నొక మెసేజియు, అది వచ్చిన పిమ్మట గడచు 24 గంటలును మాత్రమే. లాటరీలు, అప్పులు, పండుగ తగ్గింపులు అను మెసేజిల గుంపులో దానిని చూడనివాడు ఒప్పుకొనినట్లే లెక్క.

మౌనము అర్ధాంగీకారమని మనవారు పెండ్లి మాటల సందర్భమున అందురు. శాసనము ఆ అర్ధభాగమునైనను మన్నింపదు. 1872 నాటి భారత ఒడంబడికల చట్టము ప్రకారము ప్రతిపాదనను అంగీకరించుట నిస్సంశయముగా, ఏదో యొక రీతిని వ్యక్తము చేయబడి యుండవలెను. దీనికి పది సంవత్సరములు ముందే, 1862లో, ఇంగ్లండున ఫెల్ట్‌హౌస్ వర్సెస్ బిండ్లీ అను వ్యాజ్యెములో ఈ సూత్రము ఒక గుఱ్ఱము మూలమున స్థిరపడినది. ఒకడు తన సోదరుని కుమారునికి, నీయొద్దనుండి ప్రత్యుత్తరము రాకున్నచో గుఱ్ఱము నాదైనట్లే యెంచెదనని వ్రాసెను. ఆ సోదరుని కుమారుడు బదులు వ్రాయలేదు. వేలము వేయువాడు పొరపాటున ఆ గుఱ్ఱమును అమ్మివేసెను. ఆ మౌనము వలన ఒడంబడిక యేర్పడలేదనియు, గుఱ్ఱము కొనగోరినవానిది కాలేదనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది. బదులు వ్రాయనివానికి లోలోపల అమ్ము నుద్దేశము కలదనుటకు సాక్ష్యమున్న వ్యాజ్యెమది! అట్లుండియు మౌనము చాలకపోగా, ఉద్దేశమే లేని కారు యజమాని మౌనము ఎట్లు చాలునో కంపెనీలే చెప్పవలెను.

ముందుగా ఇచ్చిన మాండేటే ఆ వ్యక్తీకరణము గదా యని కంపెనీ బదులు చెప్పవచ్చును. ఈ వాదము కొంతవరకు బలమైనదే. నెలకింతయని స్థిరమైన పత్రిక చందాకు అది చెల్లును. మోటారు బీమాకు చెల్లకపోవుటకు కారణము ఆ సరకు స్వభావములోనే కలదు. కారునకు ఎంత విలువ కట్టి బీమా చేసిరో ఆ మొత్తమును ఐ.డి.వి. యందురు, కారు దొంగిలింపబడినను, పూర్తిగా ధ్వంసమైనను చేతికి వచ్చునది అదియే. కొని ఆరు మాసములు దాటని బండికి నూటికి 5, ఏడాదిలోపు దానికి 15, రెండేండ్లలోపు దానికి 20, అట్లే మూడు, నాలుగు, ఐదేండ్లకు 30, 40, 50 చొప్పున తయారీదారుని ధరనుండి తరుగు తీసి దానిని నిర్ణయింతురు. ఐదేండ్లు దాటిన బండికి పట్టికయే లేదు; కంపెనీయు యజమానియు పరస్పరము ఒప్పుకొనిన మొత్తమే దాని విలువ. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతములలో చేతులు మారి తిరుగు కార్లలో అనేకము ఈ కోవకు చెందినవే. ఒక్క పక్షము నోరు విప్పనప్పుడు పరస్పరాంగీకార మెక్కడిది? కంపెనీ తనకు తోచిన విలువను తక్కువగ కట్టినచో నష్టము సంభవించిన దినమున యజమాని మునుగును. ఎక్కువగ కట్టినచో ప్రీమియము రూపమున ముందే మునుగును. ఏది జరిగినదో అతడు పాలసీని తెరచి చూచువరకును ఎరుగడు. తెరచి చూచువారెందరో చదువరులు తమ్ము తామే అడుగుకొనుదురుగాక.

క్లెయిము చేయని సంవత్సరములకు లభించు నో క్లెయిమ్ బోనసు సంగతియు నిట్టిదే. అది నూటికి 20తో ఆరంభమై 25, 35, 45 మెట్లెక్కి 50 వద్ద నిలుచును. సొంత బండికి జరుగు నష్టమునకై కట్టు ప్రీమియములో అంత మేర తగ్గింపన్నమాట. అది బండిది కాదు, యజమానిది. పాతకారు నమ్మి కొత్తది కొన్నవాడు దానిని వెంట తీసికొని పోవచ్చును. తనంతట తాను నడచు పునరుద్ధరణ ఈ మార్పులను అడిగి తెలిసికొనదు.

పునరుద్ధరణ మనగా నేమియను ప్రశ్న సుప్రీంకోర్టు ఎదుటికి ఆరోగ్యబీమా వ్యాజ్యెములలో వచ్చినది. పునరుద్ధరణ మనగా మొదటి పాలసీ యొక్క ఆవృత్తియేయని 2001లో బిమన్‌కృష్ణ బోస్ వ్యాజ్యెమున చెప్పిరి. ఇరువది యేండ్ల తరువాత, 2021 డిసెంబరులో, జేకబ్ పున్నెన్ వ్యాజ్యెమున, పునరుద్ధరించుచు షరతులను మార్చిన కంపెనీ ఆ మార్పును పాలసీదారునకు ముందుగా తెలుపుట దాని విధియనియు, తెలుపకపోవుట సేవాలోపమనియు తేల్చిరి. ఈ రెండు తీర్పులను కలిపి చదివినవానికి కలుగు భావము స్పష్టము: మారనిది మాత్రమే మాటలేక కొనసాగును. మోటారు బీమాలోనో, ఐ.డి.వి. మారును, ప్రీమియము మారును, బోనసు మారును. మారనిది ఇంజను నంబరొక్కటే.

ఇంతవరకు వ్రాసినది చదివి, అట్లయిన యజమాని కోరిన క్షణముననే పాలసీని చించిపారవేయవలెనని నేను వాదించుచున్నానని ఎవరును తలపరాదు. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున, బెంగుళూరు నుండి హైదరాబాదునకు వచ్చుచున్న వోల్వో బస్సొకటి ఈ కొత్తకోట చెంతనే పాలెము వద్ద కల్వర్టును ఢీకొని మంటలలో చిక్కుకొనగా 45 మంది దగ్ధమైరి. ఆ దారిని పోవు పాలమూరు వాసులకు ఆ స్థలము నేటికిని గుర్తే. రహదారిపై ప్రాణము పోయినవాని కుటుంబమునకు పరిహారము చెల్లించు శక్తి బండి యజమానికి ఉండవచ్చును, ఉండకపోవచ్చును. ఆ అనిశ్చయమును తొలగించుటకే థర్డ్ పార్టీ బీమా పుట్టినది. 1988 మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను దానిని అనివార్యము చేసినది. బీమా లేక నడిపినవానికిని, నడుపనిచ్చినవానికిని 196వ సెక్షను క్రింద మొదటిమారు మూడు మాసముల వరకు జైలు, లేక 2,000 రూపాయల జుల్మానా, లేక రెండును. మరల పట్టుబడినచో జుల్మానా 4,000. సుప్రీంకోర్టు 2018 జూలైలో కలుగజేసికొని, ఆ సెప్టెంబరు 1 నుండి అమ్ముడగు కొత్త కార్లకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమాను, ద్విచక్ర వాహనములకు ఐదేండ్లదానిని ఒక్కమారుగా తీసికొనవలెనని ఏర్పాటు చేయించినది. ఏటేట పునరుద్ధరింపక వదలివేయువారు ఎక్కువైనందుననే గదా ఈ కట్టుబాటు!

కావుననే రద్దునకు శాసనము కంచె వేసినది. 2002 జూలై 1 నుండి అమలైన భారత మోటారు టారిఫులోని 24వ సాధారణ నియమము ప్రకారము, వేరొకచోట కనీసము థర్డ్ పార్టీ బీమా యైనను ఉన్నదని రూఢి చేసికొనిన పిమ్మటనే, అసలు బీమా సర్టిఫికెటును తిరిగి పుచ్చుకొనిన పిమ్మటనే పాలసీని రద్దుచేయవలెను. రవాణా అధికారులకును ఆ సంగతి తెలుపవలెను. ధరలపై టారిఫు పట్టు 2007 జనవరిలో సడలినను, ఈ షరతులు పాలసీపత్రముల చివరి పుటలలో నేటికిని సజీవముగనే యున్నవి. యజమాని వచ్చి "నాకు వలదు" అన్నంతనే కంపెనీ "ఇంకొక పాలసీ చూపుము" అనుట దీనివలననే. ఆ మాట అనుటలో తప్పు లేదు. దారిని పోవువాని ప్రాణమునకు హామీ పడవలసినచోట కొంత ఆటంకము ఉండదగినదే.

ఆ నియమములోనే యున్న మరియొక సూత్రము మాత్రము, స్వతఃపునరుద్ధరణ యను కొత్త వాడుకతో కలిసినంతనే, విపరీతఫలము నిచ్చుచున్నది. ఒక్క బండికి ఒకే విధమైన రెండు పాలసీలున్నప్పుడు వెనుకగా ఆరంభమైనదానిని రద్దుచేయవలెనని ఆ సూత్రము. ఒకే కంపెనీకి చెందిన రెండు ఆఫీసులనుండి వచ్చినవైనచో వెనుకటిదాని ప్రీమియము యావత్తు తిరిగి యిత్తురు. వేర్వేరు కంపెనీలవైనచో వెనుకటి కంపెనీ మిగిలిన కాలమునకు తగిన పాలు తిరిగి యిచ్చును. రెండును అమలులోనుండగా దేనిమీదనైనను క్లెయిము పుట్టియుండినచో పైసా రాదు. ఈ సూత్రమును కూర్చినవారి మనస్సులో నున్నది, పాలసీ యున్న సంగతి మరచి రెండవది కొన్న యజమాని. ఇప్పుడు కొత్తకోట గృహస్థు నొకనిని ఊహింపుడు. పాత పాలసీ గడువు అర్ధరాత్రి ముగిసినది. ఆ క్షణముననే పాత కంపెనీ తనంతట తాను పునరుద్ధరించినది. అతడు ఆ మెసేజి చూడక, నాలుగు చోట్ల ధర విచారించి, రెండు దినములకు వేరొక కంపెనీయొద్ద మేలైన పాలసీ కొన్నాడు. వెనుకగా ఆరంభమైనదేది? అతడు కోరి కొన్నది. సూత్రమును అక్షరశః పాటించినచో రద్దు కావలసినది అతడు ఎంచుకొనినది. నిలువవలసినది అతనిని అడుగక వచ్చినది! న్యాయశాస్త్రమున ఇట్టి వక్రము అరుదుగ కనబడును. రద్దును గూర్చి 2024లో వచ్చిన కొత్త నిబంధన ఈ పాత సూత్రమును మించినదని వాదింపవచ్చును. కాని ఆ వాదము కౌంటరునకు ఆవలనున్న ఉద్యోగికి రుచించుటకు చాల తడవు పట్టును.

ఆ కొత్త నిబంధన నిజముగా మంచిదే, చెప్పుకొనదగినదే. బీమా నియంత్రణ సంస్థ 2024 జూన్ 11న సాధారణ బీమాను గూర్చి వెలువరించిన మాస్టర్ సర్క్యులరు ప్రకారము, వ్యక్తిగత పాలసీదారుడు గడువులో ఎప్పుడైనను రద్దు కోరవచ్చును, కారణము చెప్పనక్కరలేదు, ఏడాదిలోపు పాలసీ యైనచో, క్లెయిము లేకున్నచో, మిగిలిన కాలమునకు సరిపడు ప్రీమియమును కంపెనీ తిరిగి యీయవలెను. పాత పద్ధతి ఎంత కఠినమో తెలిసినవారికే దీని విలువ తెలియును. యజమాని కోరి రద్దు చేసికొనినప్పుడు పాత టారిఫు క్రింద కంపెనీ స్వల్పకాలపు రేట్లను ఉంచుకొనెడిది: నెలలోపు రద్దునకు నూటికి 20, రెండు నెలలకు 30, అట్లు నెలకు పదేసి పెరిగి ఆరు మాసములకు 70, ఎనిమిది మాసములు దాటినచో మొత్తము. 12,000 రూపాయల పాలసీని ఆరవ మాసము చివర విడిచిన యజమానికి అప్పుడు దక్కునది 3,600. ఇప్పుడు దక్కవలసినది 6,000. అయినను ఇది మిగిలిన కాలపు ధర మాత్రమే. తాను కోరని దినములకును యజమాని చెల్లించుచునే యున్నాడు. జీవిత, ఆరోగ్య పాలసీలకు 30 దినముల ఫ్రీలుక్ కలదు. పత్రము చదివి నచ్చనిచో తిప్పి పంపవచ్చును. కారు పాలసీకి అట్టి గడువు లేదు.

కొత్తకోట పరిసరములవారికి స్వయంచాలక మనిన నేమో వేరొకరు చెప్పనక్కరలేదు. మదనాపురము మండలములోని సరళాసాగరమను జలాశయము, వనపర్తి సంస్థానాధిపతి రాజా రామేశ్వరరావు తల్లి పేరిట వెలసి, 1949లో శంకుస్థాపనయై 1959లో ప్రారంభమైనది. దాని సైఫనులు గేటు నెత్తు మనిషి అక్కరలేకయే పనిచేయును. నీరు నిండుమట్టమునకు వచ్చినంతనే అవి తమంతట తాము నీటిని లాగి దిగువకు వదలును. మట్టము తగ్గి గాలి చొరబడినంతనే తమంతట తాము ఆగిపోవును. ఆ యంత్రమును నిర్మించిన యింజనీరుల ప్రజ్ఞ తెరచుకొనుటలో ఎంత కలదో మూసికొనుటలోను అంత కలదు. బీమా మాండేటు మొదటి సగము మాత్రమే నేర్చినది. కారు అమ్ముడైనదో, తుక్కైనదో, యజమాని గతించెనో, వేరొకచోట పాలసీ వచ్చెనో, ఏదియు దానిని ఆపదు. వాహనముల బీమా వివరములన్నియు కంప్యూటరులలో నమోదగుచున్న ఈ దినములలో, ఈ బండికి ఇదివరకే చెల్లుబడియగు పాలసీ కలదని గ్రహించి ఆగిపోవు బుద్ధిని ఆ యేర్పాటునకు కలిగించుట అసాధ్యమని ఎవరును అనజాలరు. సంకల్పమే కొరవడినది.

బ్రిటనులో స్థిరపడిన తెలుగువారు ఈ వ్యాసమును చదివి చిరునవ్వు నవ్వవచ్చును. అక్కడ కారు బీమా తనంతట తాను పునరుద్ధరింపబడుట చిరకాలపు వాడుక, దానిని తప్పించుకొనుట యేటేటి తంటా. అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ విచారించి, కార్లకును ఇండ్లకును బీమా చేయించినవారిలో అరవై లక్షలమంది, ఒకే కంపెనీని అంటిపెట్టుకొనినందుకు ప్రతిఫలముగా, 2018లో సుమారు 120 కోట్ల పౌండ్లు అధికముగా చెల్లించిరని లెక్క తేల్చినది. విశ్వాసమునకు జుల్మానా యన్నమాట. 2022 జనవరి 1 నుండి అమలైన నియమములలో, పాత ఖాతాదారునకు పునరుద్ధరణ ధర కొత్తవానికిచ్చు ధరను మించరాదనిరి. స్వతఃపునరుద్ధరణను వలదనుకొనుటకు సులభమార్గము లుండవలెననిరి. పునరుద్ధరించిన పిమ్మటను 14 దినముల పునరాలోచన గడువు వారికి కలదు. మనము వారి వాడుకను దిగుమతి చేసికొనుచు, దానికి వారు వేసిన కళ్లెమును మాత్రము రేవులోనే విడిచి వచ్చితిమి.

రద్దు కోరువారిలో బండి అమ్మినవారు ప్రత్యేకముగా జాగరూకులై యుండవలెను. కారును కర్నూలులోనో రాయచూరులోనో ఎవరికో యిచ్చి, డబ్బు పుచ్చుకొని, 29, 30 నంబరు ఫారములపై సంతకములు చేసి యిచ్చినంతనే తన పని తీరినదని మనవారు తలంతురు. ఆ తలంపుతో, తనంతట తాను పునరుద్ధరింపబడిన పాలసీని చూచి "అమ్మిన బండికి నేనేల కట్టవలె"నని రద్దునకు పూనుకొందురు. కాని ఆర్.సి. పేరు మారువరకును ప్రమాద పరిహారమునకు బాధ్యుడు రిజిస్టరైన యజమానియేయని 2018 ఫిబ్రవరిలో నవీన్‌కుమార్ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు స్పష్టము చేసినది. పేరు మారకయే పాలసీ రద్దు చేయించుకొనుట, నాలుగువేలు మిగిల్చుకొనుటకై నలుబది లక్షల అపాయమును నెత్తి కెత్తుకొనుట. వనపర్తి రవాణా కార్యాలయమున పేరు మార్పు పూర్తియైన దాఖలా చేతికి వచ్చిన తరువాతనే ఆ ప్రస్తావన. మోటారు చట్టము 157వ సెక్షను ప్రకారము అమ్మకముతో థర్డ్ పార్టీ రక్షణ కొన్నవానికి సంక్రమించినట్లే యెంచబడును. అతడు 14 దినములలో కంపెనీకి దరఖాస్తు పెట్టుకొనవలెను. బోనసును మాత్రము అమ్మినవాడు తనకై నిలుపుకొనవచ్చును.

ఇక మామూలు సందర్భము. ముందుగా కోరిన కంపెనీయొద్ద పాలసీ తీసికొని, దాని ప్రతితో పాత కంపెనీకి వ్రాతమూలకముగా రద్దు కోరవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో నడుమ నొక దినము ఖాళీ పడును, ప్రమాదము ఆ దినముననే రావలెనని నియమము లేదుగాని రారాదనియు లేదు. పాలసీ రద్దైనంత మాత్రమున మాండేటు రద్దు కాదు. దానిని బ్యాంకులోగాని యూపీఐ యాపులోగాని వేరుగ ఆపవలెను, కానిచో మరుసటి యేడు ఇదే కథ. కారుపై అప్పున్నచో ఫైనాన్సు కంపెనీకి తెలుపవలెను. పాలసీపై వారి పేరును ఉండును. మన పట్టణములలో ఈ వ్యవహారములన్నియు తెలిసిన ఏజెంటు చేతిమీదుగనే సాగును గనుక ఒక్క మాట: 1938 బీమా చట్టము 64వీబీ సెక్షను ప్రకారము, రద్దువలన తిరిగి రావలసిన ప్రీమియమును కంపెనీ నేరుగా పాలసీదారునికే చెల్లించవలెను; ఏ పరిస్థితిలోను ఏజెంటు ఖాతాకు జమ చేయరాదు. చెక్కులు, మనియార్డరుల కాలమున వ్రాసిన ఆ వాక్యమునకు కాలదోషము పట్టలేదు. కంపెనీ వినకున్నచో నియంత్రణ సంస్థవారి బీమా భరోసా పోర్టలు, 155255 నంబరు కలవు. నెల గడచినను ఫలితము లేకున్నచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేక, వకీలు లేక ఫిర్యాదు చేయవచ్చును. 2019 వినియోగదారుల రక్షణ చట్టము క్రింద, ఫిర్యాదుదారుడు తాను నివసించుచోటనే జిల్లా కమిషనును ఆశ్రయింపవచ్చును గనుక కంపెనీ ప్రధానకార్యాలయ మున్న ముంబయికో చెన్నైకో పరుగెత్తనక్కరలేదు.

అయినను ఒక్కొక్క యజమాని ఒక్కొక్క ఫిర్యాదుతో ఈ భారమును మోయవలెననుట పరిపాలన అనిపించుకొనదు. చందాల ఉచ్చును, అనగా చేరుట సులభముగాను విడుచుట కష్టముగాను అమర్చు పద్ధతిని, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము 2023 నవంబరు 30న ప్రకటించిన మార్గదర్శకములలో పదమూడు మోసపు పోకడలలో నొకటిగా పేర్కొని నిషేధించియున్నది. ఆ మాటను బీమాకు అన్వయింపవలసిన నియంత్రణ సంస్థ 2001 నుండి హైదరాబాదులోనే కొలువై యున్నది. కొత్తకోట ముందర పోవు రహదారి వెంట ఉత్తరముగా సాగినచో దాని నగరమే చేరుదుము. తెలుగుగడ్డపై ఆఫీసున్నందువలననైనను, మోటారు పాలసీ పునరుద్ధరణకు ముందు పంపు నోటీసు పాలసీదారుడు కోరిన భాషలో, కొత్త ఐ.డి.వి., కొత్త ప్రీమియము, బోనసు శాతములను గత సంవత్సరపు అంకెల ప్రక్కన చూపుచు, 24 గంటలకు గాక కనీసము పదునైదు దినములకు ముందు రావలెనని ఆ సంస్థ ఆజ్ఞాపింపవలెను. ఐదేండ్లు దాటిన బండి విషయమున యజమాని స్పష్టముగా ఒప్పుకొననిదే పునరుద్ధరణ చెల్లదనవలెను. రెండు పాలసీలు తటస్థించినప్పుడు తేదీలను బట్టి గాక, యజమాని కోరి కొన్నది నిలిచి, తనంతట తాను వచ్చినది మొదటి దినమునుండియే రద్దై, ఆ నడిమి దినములలో క్లెయిము లేనిచో దాని ప్రీమియము యావత్తు తిరిగి వచ్చునట్లు ఆ 24వ నియమపు సూత్రమును సవరింపవలెను. దీనికి పార్లమెంటు అక్కరలేదు. 2024 జూనులో వెలువడినట్టి సర్క్యులరు మరియొకటి చాలును.